నట్టు పట్టుకున్న చెయ్యి

జైపాల్ చేతికి కళ్ళున్నాయని నారాయణగూడలో పాత మెకానిక్‌లు అనేవాళ్ళు. కారు డ్యాష్‌బోర్డు వెనకాలకి చెయ్యి పోనిచ్చి, చూడకుండానే, ఏ వైరు ఎక్కడ తెగిందో వేళ్ళతో తడిమి చెప్పేవాడు. మహబూబ్‌నగర్ నుంచి కూలికొచ్చిన తండ్రి అతన్ని పదహారో ఏట కారు రేడియోలు బిగించే దుకాణంలో పెట్టాడు. ఇప్పుడు యాభై మూడు. దుకాణం అతనిదే అయింది. ముందు మెట్రో పిల్లర్లు లేచాయి, పక్కన ఇరానీ హోటల్ పోయి బిర్యానీ హోటల్ వచ్చింది. జైపాల్ మాత్రం అదే గల్లీలో, అదే రేకుల షట్టర్ కింద ఉండిపోయాడు.

ఆ కళ్ళు పోయి రెండేళ్ళయింది.

షుగర్. మొదట కాళ్ళకి, తర్వాత చేతులకి. తిమ్మిరి అనుకున్నాడు. తిమ్మిరైతే కాసేపటికి వదలాలి. వదల్లేదు. ఒకరోజు సోల్డరింగ్ చేస్తుంటే మాంసం కాలిన వాసన వచ్చింది. హోటల్ నుంచి వస్తోందనుకుని పని చేసుకుంటూ పోయాడు. తీరా చూస్తే కాలుతున్నది తన వేలే.

నరాలు చచ్చిపోయాయి, తిరిగి రావు, ఉన్నవి కాపాడుకొమ్మన్నాడు డాక్టరు. జైపాల్ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. భార్య శ్రీలక్ష్మికి కూడా చెప్పలేదు. ఆమె అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదివే ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. పొగలు కక్కే చాయ్ ఉన్న స్టీలు గ్లాసును అతను చెయ్యి మార్చకుండా పట్టుకుని తాగడం ఒకసారి చూసింది. మర్నాటి నుంచి పిడి ఉన్న కప్పులో ఇవ్వడం మొదలుపెట్టింది.

బాధపడాలి కదా అనుకునేవాడు జైపాల్. రాలేదు. బాధ కూడా వేళ్ళనే అంటిపెట్టుకుని ఉండేదేమో, వాటితోపాటే పోయినట్టుంది. పొద్దున షట్టర్ ఎత్తేవాడు, సాయంత్రం దించేవాడు. వెలుతురులో కళ్ళతో చూసి చేయగలిగే పనులు మాత్రం ఒప్పుకునేవాడు.

ఫణీంద్ర గారి పని అలాంటిది కాదని తెలిసీ ఎందుకు ఒప్పుకున్నాడో అతనికే తెలియదు.

ఫణీంద్ర చిక్కడపల్లి పాత కుటుంబం మనిషి. బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. తాతల ఇంటి జాగాలో అపార్ట్‌మెంట్ లేచింది, అందులోనే మొదటి అంతస్తులో ఉంటాడు. మూడేళ్ళ కింద వేరే ఊరి నుంచి ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. అరవై ఏళ్ళ నాటి విలాయతీ కారు. రెండే సీట్లు, మడిచేసే గుడ్డ టాపు, మీగడ రంగు. ఆదివారం పాత కార్ల ప్రదర్శన ఉంది. డ్యాష్‌బోర్డు నడుమ ఉండే రేడియో ప్యానెల్ వదులై ముందుకు వేలాడుతోంది. రేడియో ఎప్పుడో చచ్చిపోయింది, అది పలకక్కర్లేదు, ప్యానెల్ కదలకుండా కూర్చుంటే చాలు అన్నాడు ఫోన్లో. ఇదివరకు ఇద్దరు బిగించారట. బిగించిన వారానికల్లా మళ్ళీ ఊడిందట.

జైపాల్ వెళ్ళింది మధ్యాహ్నం పూట. పొద్దుటి నుంచి ముసురు. సెల్లార్లోకి దిగే ర్యాంప్ మీద నీళ్ళు సన్నగా పారుతున్నాయి. ఫణీంద్ర కవరు తీసి కారు చూపించాడు, ప్యానెల్ మీద వేలు పెట్టి ఊపి చూపించాడు. భోజనానికి చుట్టాలొచ్చి ఉన్నారు, గంటలో వస్తానని పైకెళ్ళాడు. వాచ్‌మన్ బుగ్గయ్య ర్యాంప్ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అతనిదీ పాలమూరే, మహబూబ్‌నగర్ వైపే. ఊరు, మండలం అడిగి తెలుసుకున్నాక కారు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"బండి కదిలితే ఊడుతదని సార్ అనుకుంటున్నడు అన్నా. నేను రోజు చూస్తున్న గద. కవరు కప్పి నిలబడ్డ బండిలనే ఊడుతది."

పాత స్క్రూలు పట్టు తప్పి ఉంటాయన్నాడు జైపాల్. బుగ్గయ్య తల ఊపి, చాయ్ తాగొస్తానని లేచి వెళ్ళిపోయాడు.

జైపాల్ బ్యాటరీ వైరు తీశాడు. పక్క సీటు వెనక్కి జరిపి, వెల్లకిలా పడుకుని, తలని డ్యాష్‌బోర్డు కిందకి పోనిచ్చాడు. కాళ్ళు తలుపు బయట. సెల్లు టార్చి ఛాతీ మీద. పాత తోలు, పెట్రోలు, చెమ్మ కలిసిన వాసన. దాని వెనకాల ఇంకో వాసన... ఎవరో అప్పుడే లేచి వెళ్ళిన పడక వాసన. వెచ్చగా ఉంది. పాత కార్లలో ఏ వాసన ఉండదు గనక, అనుకున్నాడు.

ఆ ప్యానెల్‌కి నాలుగు బోల్టులు. బోల్టు ముందు నుంచి వస్తుంది. నట్టు మాత్రం వెనకాల, కంటికి కనిపించని చోట, వేళ్ళతో పట్టుకోవాలి. కుడిచేత్తో ముందు స్క్రూడ్రైవర్ తిప్పాలి, ఎడమ చెయ్యి లోపల నట్టుని కదలకుండా ఆపాలి. ఒకప్పుడు ఈ పని అతనికి బీడీ వెలిగించుకున్నంత తేలిక.

వేలి చివర గ్రీజు రాసి, దాని మీద నట్టు అతికించి, చెయ్యి పైకి పోనిచ్చాడు. నట్టు జారిపోయింది. టంగుమని కింద రేకు మీద పడింది. వెతికి మళ్ళీ అతికించాడు. మళ్ళీ పడింది. వేలి మీద నట్టు ఉందో లేదో వేలికి తెలియడం లేదు, కింద పడ్డాక చెవి చెబుతోంది.

సెల్లార్లో లైట్లు పోయాయి. పైన ఎక్కడో ఇన్వర్టర్ కూసింది. పైపులో వాన నీరు దిగే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

మూడోసారి పెట్టాడు. కుడిచేత్తో బోల్టు తోశాడు. నట్టు పడే చప్పుడు కోసం చూశాడు.

పడలేదు.

బోల్టు తిప్పాడు. మర పట్టింది. లోపల నట్టు బోల్టుతో పాటు తిరగడం లేదు. కదలకుండా నిలబడింది.

అప్పుడు తెలిసింది అతనికి... చల్లదనం. ఇనుము చల్లదనం. నట్టు అంచు వేలికి గుచ్చుకోవడం, గ్రీజు జిగురు, దానిలో ఇసుక రేణువు. రెండేళ్ళ తర్వాత అతని వేళ్ళకి ఒక వస్తువు తెలిసింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతాయేమో అనుకున్నాడు. అలా వెల్లకిలా పడుకుని, కదలకుండా, నట్టుని తాకుతూ ఉండిపోయాడు.

ఆ తర్వాత రెండోది తెలిసింది.

నట్టుని పట్టుకున్నది అతని వేళ్ళు కాదు.

అతని వేళ్ళ పక్కనే ఇంకో రెండు వేళ్ళు ఉన్నాయి. సన్నటివి. వెచ్చటివి. పని తెలిసిన వేళ్ళు... నట్టుని ఎక్కడ నొక్కి ఆపాలో అక్కడే ఆపుతున్నాయి.

చెయ్యి లాక్కోవాలి. అది అతనికి తెలుసు. చెయ్యి లాక్కోలేదు. భయం ఎక్కడో దూరంగా ఉంది, పక్క గల్లీలో మోగే బ్యాండు మేళంలా వినిపిస్తోంది గానీ దగ్గరికి రావడం లేదు. అతను బోల్టు బిగించాడు. రెండోది తీసుకున్నాడు. ఆ వేళ్ళు రెండో నట్టు దగ్గరికి జరిగాయి. మూడోది. నాలుగోది.

నాలుగోది బిగిశాక ఆ వేళ్ళు అతని చేతి మీదికి వచ్చాయి. ఒక్కో వేలినీ తడిమాయి. మణికట్టు పట్టుకున్నాయి, గట్టిగా, ఒక్క క్షణం. గాజు తొడిగేటప్పుడు చెయ్యి నలిగినట్టు ఎముకలు నలిగాయి. ఆ మీదట ఆ చెయ్యి అతని చేతిలోంచే జారి బయటికి పోయినట్టు అనిపించింది.

అతను చెయ్యి కిందికి తీసుకున్నాడు. టార్చి వెలుగులో చూశాడు. గ్రీజు, దుమ్ము. బొటనవేలితో వేళ్ళు రుద్దాడు. ఏమీ తెలియలేదు. ఎప్పటిలాగే కొయ్య.

టార్చి లోపలికి కొట్టి చూశాడు. నాలుగు వైర్లు, బూజు, ఆ వెనక ఇంజన్‌కి అడ్డుగా ఉన్న రేకు గోడ. జానెడు జాగా కూడా లేదు.

ఫణీంద్ర దిగి వచ్చి ప్యానెల్‌ని పట్టి ఊపాడు. రాయిలా ఉంది. నీ చేతికి కళ్ళున్నయని ఊరికే అనరు జైపాల్ అన్నాడు.

మర్నాడు పొద్దున అన్నం కలుపుకుంటుంటే మొదలైంది. కంచం అంచు పట్టుకున్న ఎడమ చేతికి కంచం తెలియడం లేదు. కానీ ఆ చెయ్యి ఇంకెక్కడో ఉన్నట్టు తెలుస్తోంది. ఇరుకు చోట. వెనక చల్లటి రేకు. అరచేతికి ఎదురుగా ప్యానెల్ వీపు. మణికట్టు మీద వైరు ఒరుసుకుంటోంది. అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అరచెయ్యి ఇక్కడ కంచం దగ్గర ఉంది. అరచెయ్యి అక్కడ చీకట్లో ఉంది.

శ్రీలక్ష్మి ఏమయ్యా, ఏమైందని అడిగింది. ఏమీ లేదన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం మంచం మీద పడుకుని ఉంటే ఎడమ చెయ్యి గుడగుడలాడింది. ఇంజన్ మొదలైందని అర్థమైంది. కాసేపటికి వేడి తగిలింది. గుడ్డ టాపు మడిచి, ఎండలో నడుపుతున్నారు. రెండేళ్ళుగా ఎండ కూడా తెలియని చెయ్యి. అతను కళ్ళు మూసుకుని ఆ ఎండని చేతి మీద ఉండనిచ్చాడు. బాగుందనిపించింది. బాగుందనిపించినందుకు భయం వేయాలి కదా అని కూడా అనుకున్నాడు.

మంగళవారం ఒకామె స్కూటీ మీద దుకాణానికి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. జీన్స్, చొక్కా, గోళ్ళలో నల్లటి గ్రీజు. పేరు మనీష అని చెప్పింది. ముషీరాబాద్‌లో తండ్రి నడిపిన కారు ఎలక్ట్రికల్ షాపు ఇప్పుడు తనే నడుపుతోందట. చిక్కడపల్లిలో మీగడ రంగు కారు పని చేసింది మీరేనా అని అడిగింది. అవునన్నాడు. నిలబడే ఉంది. స్టూలు చూపించినా కూర్చోలేదు.

"ఆ రోజు రెండున్నరకు చేసిన్రు గద అన్నా," అంది నేల వైపు చూస్తూ. "అప్పుడే నా చెయ్యి నాకొచ్చింది."

జైపాల్ చూపు ఆమె ఎడమ చేతి మీద పడింది.

"నట్టు పట్టుకున్నది నేనే. మీ చేతిల నిలుస్తలేదు. రెండుసార్లు పడ్డది."

ఆ తర్వాత ఆమె మెల్లగా, ఆగి ఆగి అంతా చెప్పింది. నాలుగు నెలల కింద ఆమె ఆ ప్యానెల్ బిగించింది. ఆమెకీ లోపల ఎవరో నట్టు పట్టుకున్నారు. ముసలి చెయ్యి, గరుకు చెయ్యి. అదెవరో ఆమెకి తెలియదు. ఆ రోజు నుంచి ఆమె ఎడమ చెయ్యి చచ్చుపడింది. స్పర్శంతా ఆ కారు లోపలే ఉండిపోయింది. డాక్టర్లు మెడ నరం అన్నారు. ఇంట్లో ఏడు నెలల పాప.

"ఎత్తుకుంటే బరువు తెలుస్తుండె అన్నా. పాప తెలుస్తలేకుండె."

అందుకని లోపల్నుంచి నెట్టింది. రోజూ నెట్టింది. దుకాణంలో కూర్చుని అరచేత్తో గాలిని నెడితే అక్కడ ప్యానెల్ కదిలేది. ఊడితే మళ్ళీ ఎవర్నో పిలుస్తారు కదా. పిలిచారు. వచ్చింది జైపాల్.

"పట్టుకుంటేనే మారుతది. తాకితే మారదు," అంది. "మీరు కూడ నెట్టండి అన్నా. ఎవరో ఒకరు వస్తరు." అప్పుడే ఆమె అతని ముఖంలోకి చూసింది. "మీకు కష్టంగ లేదా?"

"నా చెయ్యి ముందే పోయింది చెల్లే," అన్నాడు జైపాల్.

ఆమెకి అర్థం కాలేదు. స్కూటీ హ్యాండిల్‌ని ఎడమ చేత్తో రెండుమూడు సార్లు పట్టి వదిలి, మళ్ళీ పట్టుకుని, వెళ్ళిపోయింది.

ఆమె చెప్పింది నిజమో కాదో చూద్దామనిపించింది. అంతే. నెట్టాలని కాదు. ఎడమ అరచెయ్యి గాల్లో పెట్టి ముందుకు తోశాడు. ప్యానెల్ వీపు తగిలింది. ఇంకొంచెం తోశాడు. బోల్టు మర ఒకటి గరగరమని జారడం అరచేతికి తెలిసింది.

పదిహేను నిమిషాల్లో ఫణీంద్ర ఫోన్ చేశాడు. ప్యానెల్ ఒక పక్క మళ్ళీ లేచిందన్నాడు. తొందరేం లేదు, తన కూతురు శ్రీదివ్య ఫోన్లో వీడియోలు చూసి తనే బిగిస్తానని పానాలు పట్టుకుని సెల్లార్లోకి దిగింది, కుదరకపోతే రేపు రా అన్నాడు.

"అమ్మాయిని చెయ్యి పెట్టొద్దనుండ్రి సార్. నేను వస్తున్న. ఇప్పుడే."

ఎందుకంత కంగారు అని ఫణీంద్ర నవ్వుతుండగానే జైపాల్ ఆటో ఎక్కాడు. నారాయణగూడ నుంచి చిక్కడపల్లి ఎంత దూరమని. మెట్రో పిల్లర్ల కింద వాహనాలు బిగుసుకుని ఉన్నాయి. ఆటోవాలా బండి ఆపేసి పక్క ఆటోవాడితో మాటల్లో పడ్డాడు. మళ్ళీ ఫోన్ చేశాడు. ఫణీంద్ర ఎత్తలేదు.

అప్పుడు తగిలాయి వేళ్ళు.

సెల్లార్లో, డ్యాష్‌బోర్డు కింద నుంచి, ఆ పిల్ల చెయ్యి లోపలికి వస్తోంది. మెత్తటి వేళ్ళు. ఒకదానికి సన్నటి ఉంగరం. వేళ్ళ మధ్య నట్టు. అవి అతని అరచేతిని తాకి ఆగాయి.

రెండేళ్ళు. చాయ్ గ్లాసు తెలియని, అన్నం తెలియని, పెళ్ళాం చెయ్యి తెలియని రెండేళ్ళు. ఇప్పుడు మనిషి వేళ్ళు వచ్చి అరచేతిలో పడ్డాయి. వదిలించుకోవాలని కాదు... వదిలించుకుంటే అతనికి మిగిలేది కొయ్యే. ఊరికే, పట్టుకోవాలనిపించింది. ఒక్కసారి. నట్టు జారిపోకుండా పట్టినట్టు.

వేళ్ళు వాటంతటవే ముడుచుకోసాగాయి.

జైపాల్ ఎడమ చేతిని కుడిచేత్తో అందుకున్నాడు. బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగించాడు. పిడికిలిని పొట్టలోకి అదుముకుని ఆటోలో ముందుకు వంగిపోయాడు. అక్కడ ఆ పిల్ల వేళ్ళు పిడికిలి మీద పాకాయి. కణుపులు తడిమాయి. ఒక గోరు అతని వేళ్ళ సందులో దూరి లాగింది...

ఆటోవాలా వెనక్కి తిరిగి, కడుపునొప్పా అన్నా అని అడిగాడు.

వేళ్ళు వెళ్ళిపోయాయి.

అతను చేరేసరికి శ్రీదివ్య కారు పక్కన నిలబడి చేతులు తుడుచుకుంటోంది. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం పిల్ల. తన వల్ల కాలేదని ఒప్పుకుంది.

"లోపల ఏదో మెత్తగ తగిలింది అంకుల్. కొంచెం వెచ్చగ."

వైర్ల కట్ట అన్నాడు. వేళ్ళు బాగున్నాయా అని అడిగాడు. ఆమె విడ్డూరంగా చూసి, వేళ్ళు ఆడించి, ఉంగరాన్ని తిప్పుకుని చూపించింది. బాగున్నాయి.

ఆ సాయంత్రమే ఫణీంద్రను ఒప్పించాడు. బోల్టులతో లాభం లేదు, డ్యాష్‌బోర్డు కింద ఖాళీ అంతటికీ అల్యూమినియం రేకు కొట్టి రివిట్లు వేసేస్తే జన్మలో కదలదని చెప్పాడు. రేడియో ఎలాగూ పలకదు, ఇక దాని వెనక ఎవరూ చెయ్యి పెట్టాల్సిన పని ఉండదు అన్నాడు. ఫణీంద్ర సరేనన్నాడు.

రేకు కోశాడు. అమర్చాడు. రివిట్లు ఒక్కొక్కటే వేస్తూ పోయాడు. బయట కొడుతున్నది తనే. లోపల ఆ దెబ్బ తగులుతున్నదీ తనకే. చివరి రివిట్ పడగానే, లోపల అప్పటిదాకా వేళ్ళ మీదుగా పారుతున్న సన్నటి గాలి ఆగిపోయింది.

ఆ తర్వాత ప్యానెల్ ఊడలేదు. జైపాల్ నెట్టలేదు. నెలలు గడిచాయి. మనీష ఒకసారి పాపతో వచ్చి, దుకాణం ముందు కాసేపు నిలబడి వెళ్ళింది. ఫణీంద్ర కారు నడిపిన రోజు జైపాల్ చేతికి ఇంజన్ తెలిసేది. మిగతా రోజులు చీకటీ, రేకూ. అలవాటైపోయింది. ఇంకొకరి ఇంట్లో కిరాయికి ఉన్నట్టు అక్కడ చెయ్యి ఉంటోంది, అనుకునేవాడు.

మార్చిలో ఒక మధ్యాహ్నం. గల్లీలో ఎండ మండిపోతోంది. జైపాల్ దుకాణంలో బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఫణీంద్ర కుటుంబం పెళ్ళికని ఊరెళ్ళి నాలుగు రోజులైంది. కారు కవరు కింద ఉంది.

లోపల ఎవరో అతని చెయ్యి అందుకున్నారు.

ముందు వైపు నుంచి కాదు. వెనక నుంచి. ఖాళీ లేని వైపు, ఇంజన్‌కి అడ్డుగా రేకు గోడ ఉన్న వైపు నుంచి. నెమ్మదిగా చేతిని తమ వైపు తిప్పుకున్నారు. మోకాలి లాంటి గట్టి దాని మీద ఆనించారు. బొటనవేలు పట్టుకున్నారు. చల్లగా, పదునుగా ఏదో గోరు కింద ఆనింది.

టిక్.

గోరు తీస్తున్నారు. నొప్పి లేదు. స్నానం చేయించిన పిల్లాడికి తల్లి తీసినంత జాగ్రత్తగా, అంచు వెంట గుండ్రంగా తీస్తున్నారు. జైపాల్ బల్ల మీద తన చేతిని చూశాడు. గోళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి, నల్లగా, పెరిగి. కదల్లేదు అతను. చూపుడువేలు. నడిమి వేలు. ఉంగరపు వేలు. ఒక్కో వేలు అయ్యాక మెత్తగా ఊది దుమ్ము పోగొడుతున్నారు.

చిటికెన వేలు కూడా అయింది.

అయిపోయింది, ఇక చెయ్యి వదిలేస్తారు అనుకున్నాడు జైపాల్.

వదల్లేదు. చిటికెన వేలి పక్కన ఇంకో వేలు, అతనికి లేని ఆరో వేలు, పట్టుకున్నారు. దానికి గోరు తీయడం మొదలుపెట్టారు.